టెక్ వార్త చదవడం, పంచుకోవడం, తప్పయితే దిద్దుకోవడం: అమీర్‌పేట నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

2024 నవంబర్ మొదటి వారంలో ఒక సాయంత్రం. మైత్రీవనం వెనక సందులో మా ఇన్‌స్టిట్యూట్. ఆరున్నర బ్యాచ్ అయిపోయి అందరూ వెళ్లిపోయాక ఒక అమ్మాయి ఆగిపోయింది. ఖమ్మం దగ్గర ఊరు, ఇక్కడ ఎస్సార్ నగర్‌లో హాస్టల్. మర్నాడు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు ఫీజు రెండో కంతు కట్టాలి. ఫోన్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. "మేడమ్, ఇది చూసి నాన్న డబ్బులు పంపనంటున్నారు. కట్టాలా, మానెయ్యాలా?"

తెర మీద ఎర్ర పట్టీ, దాని మీద పసుపు అక్షరాలు. గూగుల్‌లో పావు వంతు కోడ్ ఏఐ రాసేస్తోంది, ఇక ఇంజనీర్లు ఇంటికే.

మన ఊళ్లో టెక్ వార్తను నమ్ముకుని జనం కోర్సులు మారుస్తారు, ఉద్యోగాలు మారతారు, కోకాపేటలో ఫ్లాట్‌కు అడ్వాన్స్ ఇస్తారు. అందుకే ఆ వార్త ఎంత సరుకున్నదో తూచి చూడటం ఇక్కడ ప్రతి ఇంటికీ అవసరం. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని ఆ ఒక్క హెడ్డింగ్‌ను వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ వెళ్లాం. తర్వాత పాత విద్యార్థులు కొందరితో కలిసి వార్తలు చదివే గ్రూప్ ఒకటి మొదలుపెట్టాను. అందులో మేం పాటించే పద్ధతినే వరసగా రాస్తున్నాను. మొదటి ఏడు అడుగులు చదివే ప్రతి ఒక్కరికీ. మిగతావి పదిమందితో పంచుకునేవాళ్లకు.

మొదటి అడుగు: వార్త పుట్టింటి దాకా వెళ్లండి

ప్రతి టెక్ వార్తకూ ఒక పుట్టిల్లు ఉంటుంది. కంపెనీ ఫలితాల సమావేశం కావచ్చు, పరిశోధన పత్రం కావచ్చు, కోర్టు ఉత్తర్వు, ప్రభుత్వ నోటిఫికేషన్, సాఫ్ట్‌వేర్ విడుదల నోట్ ఇలా ఏదైనా కావచ్చు. తెలుగులో మన ఫోన్‌కు చేరేసరికి అది మూడు నాలుగు చేతులు మారి ఉంటుంది. చేయి మారిన ప్రతిసారీ ఒక ముక్క ఊడుతుంది, ఒక రంగు అంటుకుంటుంది.

వెతకడం కష్టం కాదు. హెడ్డింగ్‌లో ఉన్న మనిషి పేరు, కంపెనీ పేరు, అంకె, ఈ మూడూ తీసుకుని ఇంగ్లీషులో టైప్ చేయండి. వచ్చిన వాటిలో అన్నిటికన్నా పాత తేదీ ఉన్నది తెరవండి. అందులో "ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో అన్నారు" అని చెప్పే వాక్యాన్ని పట్టుకోండి. మాకు దొరికింది 2024 అక్టోబర్ 29. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ మూడో త్రైమాసిక ఫలితాలు చెప్పిన రోజు. ఫలితాలు చెప్పే ఫోన్ సమావేశాన్ని కాల్ అంటారు. అలాంటి కాల్‌లో మాట్లాడిన మాటలు అక్షరం పొల్లు పోకుండా లిఖిత ప్రతిగా దొరుకుతాయి, చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు.

అందులో గూగుల్ సీఈఓ సుందర్ పిచాయ్ అన్నది ఇదీ: గూగుల్‌లో కొత్తగా వస్తున్న కోడ్‌లో పావు వంతుకు పైగా ఏఐ తయారుచేస్తోంది, ఆ తర్వాత ఇంజనీర్లు దాన్ని పరిశీలించి ఆమోదిస్తున్నారు.

ఆ అమ్మాయి చేత ఆ వాక్యాన్ని రెండుసార్లు పైకి చదివించాను. హెడ్డింగ్‌కు ఎక్కింది మొదటి సగమే. రెండో సగంలో ఉన్న పని, అంటే వచ్చిన కోడ్‌ను పరీక్షించి సరే అనడం, తను నేర్చుకుంటున్న టెస్టింగ్‌కు దగ్గరి చుట్టం. "ఇంటికే" అన్న మాట ఆ కాల్‌లో లేదు. అయితే ఉద్యోగాలకు ఢోకా లేదన్న భరోసా కూడా ఆ వాక్యంలో లేదు. ఇది కూడా ఆ పిల్లకు చెప్పాను. మనకు ఊరటనిచ్చే అర్థాన్ని మనం అతికించినా అది వార్తను పాడుచేయడమే.

ఇంకొకటి గమనించండి. ఆ మాటలు ఎవరితో అన్నారు? వాటాదారులతో. మా కంపెనీ ఏఐని ఎంత బాగా వాడుకుంటోందో చూడండి అని చెప్పుకునే వేదిక అది. అన్నది నిజమే అయినా, ఆ అంకెనే ఎంచుకుని ఎందుకు చెప్పారో అర్థమవుతుంది.

పుట్టిల్లు దొరక్కపోతే? "టెక్ వర్గాల సమాచారం", "నిపుణులు అంటున్నారు" దగ్గరే దారి ఆగిపోతే ఆ వార్తను పక్కన పెట్టండి. నిజమైన కబురైతే రెండు రోజుల్లో పేరూ తేదీతో మళ్లీ వస్తుంది.

రెండో అడుగు: వాక్యం చివర క్రియ మీద వేలు పెట్టండి

తెలుగులో క్రియ చివర్లో వస్తుంది, అక్కడే గుట్టంతా ఉంటుంది. కట్టింది, కడుతోంది, కట్టనుంది, కట్టేందుకు ముందుకొచ్చింది, కట్టే యోచనలో ఉంది, కడుతుందట. ఈ ఆరింటి మధ్య ఏళ్ల దూరం ఉంది. కొన్ని హెడ్డింగ్‌లలో క్రియే ఉండదు. "మన రాష్ట్రానికి చిప్ ఫ్యాక్టరీ!" అని ఆశ్చర్యార్థకం పెట్టి వదిలేస్తారు. అలాంటప్పుడు వార్త లోపలికి వెళ్లి సరైన క్రియను తెచ్చి, హెడ్డింగ్ చివర పెట్టుకుని చదవండి. చాలాసార్లు గాలి అంతా దిగిపోతుంది.

2022 సెప్టెంబర్‌లో వేదాంత, ఫాక్స్‌కాన్ కలిసి చిప్‌లు, డిస్‌ప్లేల ఫ్యాక్టరీల కోసం గుజరాత్ ప్రభుత్వంతో ఎంఓయూలు, అంటే అవగాహన ఒప్పందాలు, చేసుకున్నాయి. 1.54 లక్షల కోట్ల రూపాయలని ప్రకటించారు. 2023 జూలైలో ఫాక్స్‌కాన్ ఆ ఉమ్మడి ప్రయత్నం నుంచి తప్పుకుంది. ఎంఓయూ అంటే పెళ్లిచూపులు జరిగాయని, అంతవరకే. తాంబూలాలు కూడా పుచ్చుకున్నట్టు కాదు. అలాంటి పత్రం మీద సంతకం పడిన రోజే ఉద్యోగాల లెక్క, చుట్టుపక్కల గజం రేటు మొదలవుతాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

పెట్టుబడి వార్త చూడగానే అది ఏ మెట్టు మీద ఉందో అడగండి. ఎంఓయూనా, ప్రభుత్వ ఆమోదమా, భూమి చేతికొచ్చిందా, పనులు మొదలయ్యాయా, సరుకు బయటికొచ్చిందా? రియల్ ఎస్టేట్ బ్రోచర్‌లో ఈ ఐదూ ఒకటే. మనకు కాకూడదు.

మూడో అడుగు: అంకెను మన లెక్కలోకి మార్చి చూడండి

మిలియన్ అంటే 10 లక్షలు, బిలియన్ అంటే 100 కోట్లు. అనువాదంలో ఎక్కువగా జారేది ఇక్కడే. 8.5 మిలియన్ అంటే 85 లక్షలు. ఎనిమిదిన్నర లక్షలూ కాదు, ఎనిమిదిన్నర కోట్లూ కాదు.

ఇంటర్నెట్ ప్లాన్‌లో 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు. ఫైల్ సైజులు మెగాబైట్లలో ఉంటాయి. బైట్‌కు ఎనిమిది బిట్లు కాబట్టి అది సెకనుకు 12.5 మెగాబైట్లు. అంటే అన్నీ సవ్యంగా ఉంటే ఒక జీబీ ఫైల్ దిగడానికి 80 సెకన్లు. "వరకు" అన్న మాట కనిపిస్తే ఆ అంకె గరిష్ఠం, మీ ఇంటికొచ్చేది కాదు. "40 శాతం వేగం" అంటే దేనికన్నా? పోయినేటి మోడల్ కన్నానా, మూడేళ్ల కిందటి దానికన్నానా? "3 నానోమీటర్ల చిప్" అన్నప్పుడు అది తయారీ తరానికి పెట్టిన పేరు. చిప్‌లో ఫలానా భాగం కచ్చితంగా 3 నానోమీటర్లు ఉందని దాని అర్థం కాదు.

నాలుగో అడుగు: ఏదైనా కుప్పకూలిన రోజు కారణం గడిని ఖాళీగా వదలండి

2024 జూలై 19, శుక్రవారం. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ల్యాప్‌టాప్‌లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. మధ్యాహ్నానికి నా ఫోన్‌లో "మైక్రోసాఫ్ట్ మీద సైబర్ దాడి", "విండోస్ కూలిపోయింది", ఇంకా భయపెట్టే మాటలు చాలా వచ్చాయి.

జరిగింది వేరు. కంప్యూటర్లకు కాపలా కాసే సాఫ్ట్‌వేర్ అమ్మే క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ ఒక తప్పుడు అప్‌డేట్ పంపింది. మన టైమ్ ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు వదిలి, 10 గంటల 57 నిమిషాలకు వెనక్కి తీసుకుంది. 78 నిమిషాలు. ఈలోపు అది దిగిన విండోస్ కంప్యూటర్లు పదే పదే ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ అంచనా 85 లక్షల యంత్రాలు, అంటే మొత్తం విండోస్ యంత్రాల్లో ఒక శాతం కన్నా తక్కువ. అంతకుముందు రోజు అమెరికాలో మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌కు ఒక ప్రాంతంలో వేరే ఇబ్బంది వచ్చింది. రెండు వేర్వేరు సంగతులను చాలామంది ఒకే గిన్నెలో వేసి కలిపేశారు.

కంపెనీ మూలకారణ నివేదిక ఆగస్టు 6న వచ్చింది. అందులో ఉన్నది ఎంత చిన్న సంగతో చూడండి. ప్రోగ్రామ్‌లో ఒకచోట 21 విలువలు వస్తాయని రాసుకున్నారు, ఇంకోచోట 20 మాత్రమే అందించారు. లేని ఇరవై ఒకటో దాన్ని చదవబోయి అది కూలింది. మా టెస్టింగ్ క్లాసులో బౌండరీ కేసుల (హద్దు దగ్గరి విలువలను పరీక్షించే) పాఠం ఇప్పుడు ఈ ఉదాహరణతోనే మొదలవుతుంది. ఆ పాఠం కావాలంటే 18 రోజులు ఆగాల్సి వచ్చింది.

కాబట్టి మొదటి రోజు మూడే రాసుకోండి: ఏది పనిచేయడం లేదు, ఎక్కడ, ఇప్పుడు మనం ఏం చేయాలి. ఎందుకు అన్న గడిలో ఏమీ రాయొద్దు. కంపెనీ నివేదిక వచ్చిన రోజు నింపుకోవచ్చు.

ఐదో అడుగు: భయపెట్టే భద్రతా వార్తలో నంబర్ అడగండి

"వెంటనే ఈ యాప్ తీసేయండి, ఖాతా ఖాళీ అవుతుంది" అని మెసేజ్ వచ్చిందా? సాఫ్ట్‌వేర్‌లో బయటపడిన లోపాలకు సీవీఈ అనే నంబర్ ఇస్తారు. ఆ నంబర్, ఏ వెర్షన్‌లో లోపం ఉంది, దిద్దిన అప్‌డేట్ వచ్చిందా అన్న వివరాలు లేకపోతే ఆ మెసేజ్‌తో చేయగలిగింది ఏమీ లేదు. మన దేశంలో సెర్ట్-ఇన్ అనే ప్రభుత్వ సంస్థ ఇలాంటి హెచ్చరికలను వెర్షన్లతో సహా తన సైట్‌లో పెడుతుంది. అక్కడ చూసుకుని అప్‌డేట్ చేసుకుంటే పని అయిపోయినట్టే.

ఆరో అడుగు: రెండో ల్యాబ్ మాట కోసం ఆగండి

2023 జూలై చివర్లో దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు కొందరు ఎల్‌కే-99 అనే పదార్థం గది ఉష్ణోగ్రత దగ్గరే సూపర్‌కండక్టర్‌గా, అంటే కరెంటు ఏమాత్రం నష్టపోకుండా పారే పదార్థంగా, పనిచేస్తుందని పత్రం పెట్టారు. అది ప్రీప్రింట్, అంటే తోటి శాస్త్రవేత్తలు ఇంకా పరిశీలించనిది. వారం తిరక్కుండానే కరెంటు బిల్లులు మాయం, రైళ్లు గాల్లో అని మొదలైంది. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీతో సహా చాలా ల్యాబ్‌లు తయారుచేసి చూశాయి, సూపర్‌కండక్టివిటీ దొరకలేదు. ఆగస్టు గడిచేలోపే, అలా కనిపించడానికి కాపర్ సల్ఫైడ్ మలినం ప్రధాన కారణమని తేలింది.

ఏఐ మోడళ్ల మార్కుల పట్టికలకూ ఇదే కొలత. ప్రశ్నపత్రం ఎవరు తయారుచేశారు, ఎవరు దిద్దారు, ఆ ప్రశ్నలు మోడల్ ముందే చదివిన వాటిలో ఉన్నాయా? కంపెనీయే పరీక్ష పెట్టి కంపెనీయే దిద్దితే అది ఫలితం కింద లెక్క కాదు, ప్రకటన కింద లెక్క. బయటివాళ్లు వాడి చెప్పేదాకా ఆగండి.

ఏడో అడుగు: రివ్యూ వెనక డబ్బు

ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ ఏఎస్‌సీఐ 2021లోనే నియమం పెట్టింది. డబ్బు గానీ ఉచిత వస్తువు గానీ తీసుకుని చేసిన వీడియో మీద ఆ సంగతి స్పష్టంగా రాయాలి. వీడియోలో ఆ గుర్తు ఉందేమో ముందు చూడండి. విడుదల రోజే వచ్చిన రివ్యూలో కెమెరా గురించి ఎంతైనా ఉంటుంది. రెండేళ్ల తర్వాత బ్యాటరీ ఎలా ఉంటుందో మాత్రం ఎవరికీ తెలిసే వీలు లేదు. ఆ సంగతి అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో రిపేర్ బల్ల ముందు కూర్చున్నవాళ్లను అడగండి. ఏ మోడల్‌కు ఏది ముందు పోతుందో వాళ్లకు చేతి లెక్కగా తెలుసు.

ఎనిమిదో అడుగు: పంచుకునే ముందు మూడు వరుసలు రాయండి

ఇక గ్రూప్ సంగతి. మా దాంట్లో నియమం ఒక్కటే: వార్త పెట్టేవాళ్లు మూడు వరుసలు సొంతంగా రాయాలి. ఆ రాత్రి ఆ అమ్మాయి రాసింది ఇలా ఉంది.

"ఏం జరిగింది: కొత్త కోడ్‌లో పావు వంతుకు పైగా ఏఐతో తయారవుతోందని, ఇంజనీర్లు పరిశీలించి ఆమోదిస్తున్నారని గూగుల్ సీఈఓ 2024 అక్టోబర్ 29న చెప్పారు.
పుట్టిల్లు: ఫలితాల కాల్ లిఖిత ప్రతి, లింక్ ఇదీ.
చెప్పనిది: ఎన్ని ఉద్యోగాలు తగ్గుతాయో, పెరుగుతాయో."

మూడో వరుస రాయడమే కష్టం. దాని కోసం అసలు వార్త పూర్తిగా చదవాలి. చదవకుండా తోసేసే అలవాటు దానంతటదే తగ్గిపోయింది. స్క్రీన్‌షాట్ ఒక్కటే పెట్టకూడదు, లింక్ తప్పనిసరి. హెడ్డింగ్‌కు మన సొంత మసాలా కలపకూడదు. "నాకు వచ్చింది, నిజమో కాదో తెలీదు" అంటూ పెట్టడం కుదరదు, తెలుసుకున్నాకే పెట్టాలి. మనిషికి రోజుకు ఒక్కటే.

వాట్సాప్‌లో మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు ఉంటే అది ఇప్పటికే చాలా చేతులు మారింది. 2020 ఏప్రిల్ నుంచి అలాంటి దాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. ఆ ఇబ్బంది కావాలనే పెట్టారు. ఆ బాణాలు కనిపించగానే మొదటి అడుగుకు వెళ్లండి.

తొమ్మిదో అడుగు: తప్పు ఒప్పుకునే తీరు ముందే అనుకోండి

2016 నవంబర్‌లో కొత్త 2000 రూపాయల నోటులో నానో జీపీఎస్ చిప్ ఉందని, భూమిలో పాతినా ఉపగ్రహం పట్టేస్తుందని ఊరంతా చెప్పుకున్నారు. టీవీల్లోనూ వచ్చింది. నేను నమ్మాను. క్లాసులో వైట్ బోర్డు మీద నోటు బొమ్మ గీసి మరీ చెప్పాను. వెనక బెంచీలో ఒక అబ్బాయి, ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి వచ్చినవాడు, మెల్లగా చేయెత్తాడు. "మేడమ్, దానికి పవర్ ఎక్కణ్నుంచి వస్తుంది?"

నా దగ్గర జవాబు లేదు. జీపీఎస్ చిప్ ఉపగ్రహాల సిగ్నల్ అందుకుని తానెక్కడుందో లెక్కకట్టుకుంటుంది, అంతే. ఆ సంగతి ఇంకొకరికి చెప్పాలంటే ట్రాన్స్‌మిటర్ కావాలి, దానికి కరెంటు కావాలి, యాంటెనా కావాలి. కాగితం మందంలో ఇవన్నీ ఎక్కడ? ఇంటికెళ్లి రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన వివరాలు చదివాను. అందులో వంచితే ఆకుపచ్చ నుంచి నీలానికి మారే సెక్యూరిటీ దారం ఉంది, చిప్ ఊసే లేదు. మర్నాడు అదే బోర్డు మీద అదే బొమ్మ గీసి, నిన్న చెప్పింది తప్పని, ఎందుకు తప్పో చెప్పాను. ఆ అబ్బాయికి అందరి ముందూ థాంక్స్ చెప్పాను. ఆ తర్వాత ఆ బ్యాచ్‌లో ప్రశ్నలు పెరిగాయి.

గ్రూప్‌లో దీన్నే ఇలా పాటిస్తాం. తప్పని తేలిన పోస్ట్‌ను గప్‌చుప్‌గా తీసేయకూడదు. దాని కిందే "సవరణ" అని మొదలుపెట్టి ఏది తప్పో, సరైనది ఏదో రాయాలి. ఇంకెక్కడికైనా పంపి ఉంటే అక్కడికీ ఆ సవరణ వెళ్లాలి. ఇంట్లోవాళ్ల గ్రూప్‌కు కూడా, అక్కడ బాబాయి ఏమనుకున్నా సరే. తెలుగు వికీపీడియాలో ప్రతి వ్యాసానికీ చర్చ పేజీ, చరిత్ర పేజీ ఉంటాయి, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అందులో నిలిచిపోతుంది. అందరి విషయాలూ మాట్లాడుకునే చోటుకు వాళ్లు రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు. ఒక్కసారి వెళ్లి అక్కడ వాదనలు ఎలా నడుస్తాయో చదవండి.

పదో అడుగు: మాట తీరు

ఇది మర్యాద కోసం చెప్పే మాటని అనుకుంటారు. 2024 మార్చి 29న బయటపడిన సంగతి తెలిస్తే అలా అనుకోరు. ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఫైళ్లను కుదిస్తుంది, ఎన్నో సర్వర్లను నడిపే లైనక్స్ వ్యవస్థల్లో దాదాపు అన్నిటిలోనూ ఉంటుంది. దాన్ని ఏళ్లుగా ఒక్క మనిషి జీతం లేకుండా చూసుకుంటున్నాడు. 2022లో కొన్ని పేర్లతో మెసేజ్‌లు మొదలయ్యాయి, పని నెమ్మదిగా ఉందని, చేతకాకపోతే ఇంకొకరికి అప్పగించమని. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని ఆయన చెప్పుకున్నా ఆ ఒత్తిడి ఆగలేదు. చివరికి సాయం చేస్తున్నట్టు దగ్గరైన ఇంకో పేరుకు అధికారం దక్కింది. ఆ చేతులే ఆ ప్రోగ్రామ్‌లో, బయటివాళ్లు కంప్యూటర్లలోకి దూరేలా, దొంగదారి పెట్టాయి. సతాయించిన పేర్లు కూడా ఆ పన్నాగంలో భాగమేనని పరిశోధకుల అనుమానం. ఆ ఒత్తిడి చుట్టూ ఉన్నవాళ్లకు మామూలు విసుగులాగే కనిపించింది.

దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్. సర్వర్‌లోకి లాగిన్ కావడానికి మామూలు కన్నా అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, ఎందుకా అని తవ్వుకుంటూ వెళ్లాడు. ఆయన బయటపెట్టిన నోట్ చదవండి. ఏం చూశానో, ఎలా కొలిచానో, ఇంకా ఏది తేల్చలేదో విడివిడిగా ఉంటుంది.

మా గ్రూప్‌లో కొత్తవాళ్లకు ముందు ఈ కథ చెబుతాను. ఊరికే పనిచేసేవాళ్లను వేధించే మాట కనిపిస్తే అడ్మిన్ వెంటనే కలగజేసుకుంటారు. "ఇది కూడా తెలీదా" అన్న మాట నిషేధం. నోటులో చిప్‌కు పవర్ ఎక్కణ్నుంచి అని అడిగిన అబ్బాయిని ఆ రోజు నేను కసిరి కూర్చోబెట్టి ఉంటే, ఆ బ్యాచ్ మొత్తం ఆ చిప్‌ను నమ్మే వెళ్లిపోయేది.

పదకొండో అడుగు: పాత బాకీలు

నెలలో చివరి ఆదివారం, సాయంత్రం ఐదింటికి, సరిగ్గా ఏడాది కిందట మేం పంచుకున్న వార్తల్లోంచి మూడు తీస్తాం. ఏమన్నారు, ఎప్పటికల్లా అన్నారు, ఏమైంది? దీనికి ఒక పొడవాటి అకౌంట్ పుస్తకం ఉంది, కిరాణా కొట్టులో ఖాతా రాసే లాంటిది. ఎడమ పేజీలో మాట, ఎవరన్నారో, తేదీ. కుడి పేజీ ఖాళీగా ఉంటుంది, తేలిన రోజు నింపుతాం. ఏడాది తిరిగినా తేలకపోతే ఇంకో ఏడాదికి ముందు పేజీలో మళ్లీ ఎక్కిస్తాం. మూడు నాలుగు నెలలు ఇలా చేస్తే ఎవరి మాట నిలబడుతోందో, ఎవరిది ప్రతిసారీ కుడి పేజీలో ఖాళీగా మిగులుతోందో మీకే కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ పుస్తకం రాస్తున్నది ఖమ్మం అమ్మాయే. ఆ మర్నాడు ఫీజు కట్టింది, కోర్సు పూర్తి చేసింది, గచ్చిబౌలిలో టెస్టింగ్ పని చేస్తోంది. పుస్తకం మొదటి పేజీలో ఎడమవైపు ఆ ఎర్ర పట్టీ హెడ్డింగ్ రాసి ఉంది. కుడివైపు తన చేతిరాతతో పిచాయ్ వాక్యం, రెండు సగాలూ.